ఎండోక్రైన్ చాప్టర్: ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు

కుషింగ్స్‌కీ (కార్టిసాల్ హార్మోన్ ఎక్కువవడం) అడిసన్స్‌కీ (అడ్రినల్ హార్మోన్లు లేకపోవడం) లక్షణాలు పక్కపక్కన పట్టిక గీసుకుని ఎన్నిసార్లు చదివినా పరీక్షలో కూర్చోగానే అటువి ఇటు, ఇటువి అటు అయిపోతున్నాయని, నీళ్లని పట్టి ఉంచే ఏడీహెచ్ ఎక్కువయ్యే ఎస్‌ఐఏడీహెచ్, అది లేకుండాపోయే డయాబెటిస్ ఇన్సిపిడస్‌ల దగ్గర కూడా ఇదే ఇబ్బంది అని, అసలు ఈ హార్మోన్ల ఫిజియాలజీ వార్డులో నర్సుకి ఎంతవరకు పనికొస్తుందని అడిగారు. చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, దానికి జవాబు తెలిస్తే మిగతా టెన్షన్ సగం తగ్గుతుంది.

ఎండోక్రైన్, అంటే హార్మోన్ గ్రంథుల ఎమర్జెన్సీల్లో మందు సరైనదే అయినా, ముందు ఇవ్వాల్సింది వెనక, వెనక ఇవ్వాల్సింది ముందు ఇస్తే పేషెంట్ ప్రాణం మీదికి వస్తుంది. పొటాషియం చూడకుండా ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెడితే గుండె లయ తప్పవచ్చు. కార్టిసాల్ లేని మనిషికి ముందు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) ఇస్తే షాక్‌లోకి వెళ్లవచ్చు. థైరాయిడ్ హార్మోన్ విపరీతమై ప్రాణం మీదికి వచ్చే థైరాయిడ్ స్టార్మ్‌లో అయోడిన్ ముందు పడితే మంటకి ఇంకా కట్టెలు వేసినట్టు అవుతుంది. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదిలే గడ్డ ఫియోక్రోమోసైటోమాలో బీటా బ్లాకర్ ముందిస్తే బీపీ తగ్గాల్సింది పోయి పైకి లేస్తుంది. ఆర్డర్ రాసేది డాక్టరే, కానీ మందు చేతిలో పట్టుకుని పేషెంట్ దగ్గర నిలబడేది నర్సు. ఆ వరుస ఎందుకో తెలిసిన నర్సు ఒక్క క్షణం ఆగి ‘పొటాషియం రిపోర్ట్ వచ్చిందా డాక్టర్’ అని అడుగుతుంది. నా దృష్టిలో ఈ చాప్టర్ చదవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఇలా వరుస, దాని కారణం పట్టుకుని చదివితే పట్టికలు కూడా వాటంతటవే గుర్తుంటాయి.

ముందు అందరికీ పనికొచ్చే ఒక్క విషయం. మెదడులోని హైపోథాలమస్ దాని కిందే ఉన్న పిట్యూటరీకి చెప్తుంది, పిట్యూటరీ గ్రంథికి చెప్తుంది, గ్రంథి హార్మోన్ విడుదల చేస్తుంది, ఆ హార్మోన్ చాలినంత అయ్యాక పైవాళ్లిద్దరినీ ఆపుతుంది. దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. టీఆర్‌హెచ్, టీఎస్‌హెచ్, థైరాక్సిన్ ఒక గొలుసు. సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్, కార్టిసాల్ ఇంకో గొలుసు. ఇప్పుడు ఏ రిపోర్ట్ వచ్చినా కింది హార్మోన్ ఎంత ఉంది, దానికి పిట్యూటరీ ఏమంటోంది అని రెండూ కలిపి చూడండి. టీ4 (థైరాక్సిన్) తక్కువ, టీఎస్‌హెచ్ 45 ఉందంటే పిట్యూటరీ గొంతు చించుకుని అరుస్తున్నా థైరాయిడ్ పలకడం లేదు, అంటే రోగం థైరాయిడ్‌లోనే, ఇది ప్రైమరీ. టీ4 తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ కూడా తక్కువగానో ‘నార్మల్’గానో ఉంటే రోగం పైన, పిట్యూటరీలోనో హైపోథాలమస్‌లోనో. చాలామంది స్టూడెంట్స్ ఇక్కడే మోసపోతారు. ల్యాబ్ షీట్‌లో నార్మల్ రేంజ్‌లో కనిపిస్తే నార్మలే అనుకుంటారు. టీ4 అంత పడిపోయినప్పుడు టీఎస్‌హెచ్ పెరగకపోవడమే అబ్‌నార్మల్.

ప్రొలాక్టిన్ ఒక్కటి వేరు. మిగతా ముందరి పిట్యూటరీ హార్మోన్లకి హైపోథాలమస్ నుంచి ‘వదులు’ అనే సంకేతం ముఖ్యం, దీనికి మాత్రం డోపమైన్ ఎప్పుడూ బ్రేక్ వేసి ఉంచుతుంది. అందుకే డోపమైన్‌ని అడ్డుకునే మెటోక్లోప్రమైడ్, కొన్ని యాంటీసైకోటిక్ మందులు వాడేవాళ్లలో ప్రొలాక్టిన్ పెరిగి, నెలసరి ఆగడం, రొమ్ముల నుంచి పాలు రావడం చూస్తాం. మందుల చరిత్ర సరిగ్గా తీసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వెనక పిట్యూటరీ సంగతి ఇంకోలా ఉంటుంది. అది ఏమీ తయారు చేయదు, హైపోథాలమస్ తయారు చేసి పంపిన ఏడీహెచ్, ఆక్సిటోసిన్‌లను దాచుకుని వదులుతుంది, అంతే.

ఇక కుషింగ్స్, అడిసన్స్. లక్షణాలు పక్కన పెట్టి, అడ్రినల్ కార్టెక్స్‌లోని రెండు హార్మోన్ల పనులు చూడండి. కార్టిసాల్ రక్తంలో చక్కెర పెంచుతుంది, కండరాల్లో, చర్మంలో ప్రొటీన్‌ని కరిగిస్తుంది, కొవ్వుని పొట్టమీదికీ ముఖానికీ మెడ వెనక్కీ చేరుస్తుంది, ఇమ్యూనిటీని అణచి ఉంచుతుంది, రక్తనాళాలు అడ్రినలిన్‌కి స్పందించేలా చూస్తుంది. ఆల్డోస్టెరాన్ సోడియంని ఉంచుకుని పొటాషియంని బయటికి పంపిస్తుంది. అంతే, ఇంక కంఠస్థం చేయాల్సింది పెద్దగా లేదు. కార్టిసాల్ ఎక్కువైతే ఏమవుతుందో మీరే చెప్పండి. చక్కెర పెరుగుతుంది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి, తొడ కండరాలు కరిగి కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవలేరు, ఎముకలు గుల్లబారతాయి, బీపీ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం సరిగ్గా కనపడదు. కార్టిసాల్ మోతాదు మించినప్పుడు ఆల్డోస్టెరాన్ రిసెప్టర్ మీద కూడా పనిచేస్తుంది, అందుకే కొందరిలో పొటాషియం పడిపోతుంది.

అడిసన్స్‌లో రెండూ లేవు. కార్టిసాల్ లేదు కాబట్టి చక్కెర తక్కువ, నీరసం, బరువు తగ్గడం, వాంతులు. ఆల్డోస్టెరాన్ లేదు కాబట్టి సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, బీపీ తక్కువ, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మరి నల్లబడటం ఎందుకు? ఇది తెలిస్తే ఇంకెప్పుడూ కలిసిపోదు. కార్టిసాల్ లేకపోయేసరికి పిట్యూటరీ ఏసీటీహెచ్‌ని విపరీతంగా పంపిస్తుంది. ఏసీటీహెచ్, మెలనిన్‌ని పెంచే ఎంఎస్‌హెచ్ రెండూ ఒకే మూల ప్రొటీన్ నుంచి పుడతాయి, పైగా ఏసీటీహెచ్ తానే మెలనిన్ కణాల మీద పనిచేయగలదు. అందుకే చిగుళ్లు, అరచేతి గీతలు, పాత మచ్చలు నల్లబడతాయి. చామనఛాయ చర్మం ఉన్నవాళ్లలో ముఖం చూసి చెప్పలేం, నోరు తెరిపించి చిగుళ్లు, బుగ్గల లోపల చూడాలి.

ఇప్పుడు దీన్నే తిప్పండి. రోగం పిట్యూటరీలో ఉంటే (ఇది సెకండరీ) ఏసీటీహెచ్చే లేదు, కాబట్టి నల్లబడరు. ఆల్డోస్టెరాన్‌ని నడిపేది ముఖ్యంగా కిడ్నీ నుంచి మొదలయ్యే రెనిన్, యాంజియోటెన్సిన్ గొలుసు, అది బాగానే ఉంది, కాబట్టి పొటాషియం పెరగదు. ‘ప్రైమరీ, సెకండరీ అడ్రినల్ ఇన్‌సఫిషియెన్సీ తేడాలు రాయండి’ అనే ప్రశ్నకి మార్కులన్నీ ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి.

వార్డులో మీరు ఎక్కువగా చూసేది మాత్రం పుస్తకంలోని అడిసన్స్ కాదు. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడి, ఒంట్లో బాగుందనో అయిపోయాయనో ఉన్నట్టుండి ఆపేసిన మనిషిని చూస్తారు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంత కాలం పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది, అడ్రినల్ పని లేక కుంచించుకుపోతుంది, మందు ఆగిన రోజు రెండూ వెంటనే లేవలేవు. ఆ పైన ఒక జ్వరమో ఆపరేషనో వస్తే అడ్రినల్ క్రైసిస్, అంటే కార్టిసాల్ చాలక బీపీ కూలిపోయే ఎమర్జెన్సీ. లక్షణాలు చూస్తే ఫలానా అని చెప్పలేనట్టు ఉంటాయి. వాంతులు, కడుపునొప్పి, మగత, ఎంత సెలైన్ ఎక్కించినా లేవని బీపీ. గ్యాస్ట్రోఎంటరైటిస్ అనో సెప్సిస్ అనో పొరబడటం చాలా తేలిక. కాబట్టి బీపీ పడిపోయిన ప్రతి పేషెంట్ ఇంటివాళ్లనీ ‘ఏ మందైనా ఈమధ్య ఆపేశారా, కీళ్లకి, ఆయాసానికి, చర్మానికి ఎక్కువ కాలం ఏమైనా వాడారా’ అని అడగండి. ఇన్హేలర్లు, క్రీములు, ఏ పేరూ లేని నొప్పి మాత్రలు కూడా అడగండి, వాటిని జనం మందుల్లో లెక్క వేయరు.

అనుమానం గట్టిగా ఉంటే రిపోర్ట్ కోసం ఆగరు. పెద్దవాళ్లకి హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. సిరలోకి, సిర దొరక్కపోతే కండరంలోకి, దాంతోపాటు నార్మల్ సెలైన్ వేగంగా, చక్కెర తక్కువుంటే డెక్స్‌ట్రోస్, ఆ తర్వాత 24 గంటల్లో మొత్తం 200 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్. అంత మోతాదులో హైడ్రోకార్టిసోన్ ఆల్డోస్టెరాన్ పని కూడా చేస్తుంది, అందుకే ఆ సమయంలో ఫ్లూడ్రోకార్టిసోన్ (ఆల్డోస్టెరాన్ పని చేసే మాత్ర) ఇవ్వలేదేంటి అని కంగారు పడక్కర్లేదు. డిశ్చార్జ్‌లో చెప్పాల్సింది ఇంకా ముఖ్యం. మాత్ర తనంతట తాను ఆపకూడదు, జ్వరం వస్తే డాక్టర్ చెప్పిన ప్రకారం రోజూ వేసుకునే మోతాదు రెట్టింపు చేయాలి, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ కోసం వెంటనే రావాలి. ఆపరేషన్ ముందు ఏమీ తినకూడదని పెట్టినప్పుడు స్టెరాయిడ్ మాత్ర కూడా దాంతోపాటు తప్పిపోతుంది, డ్యూటీలో ఉన్న నర్సు పట్టుకోకపోతే ఇంకెవరూ పట్టుకోరు.

ఇక్కడి నుంచి థైరాయిడ్‌కి రావడం తేలిక. మిక్సిడీమా కోమా అంటే చాలాకాలం పట్టించుకోని హైపోథైరాయిడ్ మనిషికి ఇన్ఫెక్షనో చలో మత్తుమందో తోడై అంతా నెమ్మదించిపోవడం. ఒళ్లు చల్లగా, నాడి నెమ్మదిగా, ఊపిరి సరిపోక కార్బన్ డయాక్సైడ్ పెరిగి, సోడియం తగ్గి, మనిషి మగతలో ఉంటారు. దీనికి థైరాక్సినే మందు, కానీ దానికంటే ముందు హైడ్రోకార్టిసోన్ పడాలి. ఎందుకంటే థైరాక్సిన్ శరీరం మొత్తం వేగాన్ని పెంచుతుంది, కార్టిసాల్ ఖర్చయ్యే వేగాన్ని కూడా. అడ్రినల్ బాగానే ఉంటే అది ఇంకొంచెం తయారు చేసుకుంటుంది, బాగాలేకపోతే ఉన్న కాస్తా అయిపోయి క్రైసిస్ వస్తుంది. ఆటోఇమ్యూన్ రోగాలు రెండు గ్రంథులనీ కలిపి దెబ్బతీయడం, పిట్యూటరీ పాడైతే రెండూ కలిసి పడిపోవడం ఉంది కాబట్టి అడ్రినల్ బాగుందని తేలేదాకా స్టెరాయిడ్ రక్షణ ఇస్తారు. ఇంకో మాట, చల్లగా ఉన్నారు కదా అని హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ల బ్యాగ్ పెట్టకండి. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుని బీపీ కూలిపోతుంది. దుప్పట్లు కప్పి, గది వెచ్చగా ఉంచితే చాలు.

థైరాయిడ్ స్టార్మ్‌లో వరుస వేరే. తీవ్ర జ్వరం, పరుగెత్తే గుండె, కలవరం, విరేచనాలు. ప్రొపైల్‌థయోయురాసిల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతుంది, టీ4 టీ3గా మారడాన్ని కూడా తగ్గిస్తుంది. ఆ తర్వాత కనీసం ఒక గంట ఆగి అయోడిన్, అది అప్పటికే నిల్వ ఉన్న హార్మోన్ బయటికి రాకుండా తలుపు మూస్తుంది. తయారీ ఆగకముందే అయోడిన్ ఇస్తే అదే ముడిసరుకు అవుతుంది. ప్రొప్రనలాల్, హైడ్రోకార్టిసోన్ కూడా ఉంటాయి. ప్రొప్రనలాల్ ఇచ్చేముందు ఆస్తమా ఉందా అని అడగడం మర్చిపోవద్దు. జ్వరానికి పారాసిటమాల్, ఆస్పిరిన్ వద్దు, అది ప్రొటీన్‌కి అతుక్కుని ఉన్న థైరాక్సిన్‌ని విడదీసి స్వేచ్ఛగా తిరిగే హార్మోన్‌ని పెంచుతుంది. కార్బిమజోల్, మెథిమజోల్ లాంటివి వాడేవాళ్లు జ్వరం, గొంతునొప్పి అన్నారంటే జలుబు అని పంపకండి, ఆ మందుల వల్ల తెల్లకణాలు పడిపోవచ్చు కాబట్టి మందు ఆపించి అవి చూడాలి.

రోజువారీ లీవోథైరాక్సిన్ గురించి కొద్దిగా. ఖాళీ కడుపున, తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల దూరం. దాని హాఫ్ లైఫ్ దాదాపు 7 రోజులు, కాబట్టి మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ 6 నుంచి 8 వారాలకి చూస్తారు, వారానికే చూసి మందు పనిచేయట్లేదనుకోకూడదు. పెద్ద వయసువాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు, ఛాతీనొప్పి వస్తే వెంటనే చెప్పమనాలి.

థైరాయిడ్ ఆపరేషన్ అయిన పేషెంట్ దగ్గర డ్యూటీ పడితే మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. మొదటి 24 గంటల్లో భయం రక్తస్రావం. పైన డ్రెస్సింగ్ పొడిగా ఉన్నా రక్తం లోపల గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కవచ్చు, లేదా మెడ వెనక్కి జారి దిండు మీద చేరవచ్చు, అందుకే మెడ కింద చెయ్యి పెట్టి చూడండి. మెడ బిగుతుగా ఉంది అనడం, మింగలేకపోవడం, ఊపిరి తీసేటప్పుడు గురక లాంటి శబ్దం, వీటిలో ఏది వచ్చినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు, సర్జన్‌ని పిలవండి. కుట్లు విప్పే సామాను, ట్రాకియాస్టమీ సెట్, ఆక్సిజన్, సక్షన్ మంచం పక్కనే ఉన్నాయో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి. అప్పుడప్పుడు మాట్లాడించండి, గొంతు బొంగురుపోతే స్వరపేటికకి వెళ్లే రికరెంట్ లారింజియల్ నరం సంగతి ఆలోచించాలి.

తర్వాతి భయం కాల్షియం, ఎక్కువగా 24 నుంచి 48 గంటల మధ్య బయటపడుతుంది. థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్‌లు దెబ్బతింటే వాటి హార్మోన్ పీటీహెచ్ పడిపోతుంది, కాల్షియం తగ్గి నరాలు ఊరికే రెచ్చిపోతాయి. మొదట నోటి చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి. పేషెంట్ తానుగా చెప్పరు, మీరే అడగాలి. బీపీ కఫ్‌ని సిస్టాలిక్ కంటే 20 మి.మీ. పైకి పెంచి 3 నిమిషాలు ఉంచితే చెయ్యి మణికట్టు దగ్గర వంగి బిగుసుకోవడం ట్రూసో సైన్. చెవి ముందు తడితే ముఖం కండరం అదరడం వోస్టెక్ సైన్, ఇది మామూలు మనుషుల్లో కూడా కొందరికి ఉంటుంది, అందుకే ట్రూసోని ఎక్కువ నమ్మండి. కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చేటప్పుడు నెమ్మదిగా, మానిటర్ చూస్తూ, మంచి సిరలోకి ఇవ్వాలి. సిర బయటికి కారితే కణజాలం పాడవుతుంది. బైకార్బనేట్ పోతున్న లైన్‌లో కలపొద్దు.

నీళ్ల సంగతి. ఏడీహెచ్ పని ఒక్కటే అనుకోండి, కిడ్నీ దగ్గర నీళ్లని వెనక్కి పట్టి ఉంచడం. అది లేకపోతే డయాబెటిస్ ఇన్సిపిడస్, మూత్రం నీళ్లలా పలచగా, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం కొలత) 1.005 కంటే తక్కువ, రక్తం చిక్కబడి సోడియం పైకి. అది ఎక్కువైతే ఎస్‌ఐఏడీహెచ్, మూత్రం కొద్దిగా, చిక్కగా, రక్తం పలచబడి సోడియం కిందికి. మూత్రం, రక్తం ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటాయని పెట్టుకుంటే చాలు, ఒకటి తెలిస్తే రెండోది రాయగలరు. ఎస్‌ఐఏడీహెచ్‌లో నీళ్లు నిలిచినా కాళ్ల వాపు ఎందుకు ఉండదని వైవాలో అడుగుతారు. నీళ్లు కాస్త పెరగగానే శరీరం ఆల్డోస్టెరాన్ తగ్గించి సోడియంని మూత్రంలోకి వదిలేస్తుంది, దాంతో మొత్తం ద్రవం దాదాపు సరిపడా ఉంటుంది, సోడియం మాత్రం ఇంకా తగ్గుతుంది.

ఇందులోంచే ఇంకో విషయం వస్తుంది, చాలామంది ఆశ్చర్యపోయేది. ఎస్‌ఐఏడీహెచ్ పేషెంట్‌కి సోడియం తక్కువుంది కదా అని నార్మల్ సెలైన్ ఇస్తే కొన్నిసార్లు సోడియం ఇంకా పడిపోతుంది. కిడ్నీ ఉప్పుని చిక్కటి మూత్రంలో పంపేసి నీళ్లు ఉంచుకుంటుంది కాబట్టి. అందుకే ఇక్కడ మొదటి వైద్యం నీళ్లు తగ్గించడం. ఫిట్స్, స్పృహ తప్పడం ఉంటేనే 3 శాతం సెలైన్, అదీ దగ్గరుండి. సోడియంని 24 గంటల్లో లీటరుకి 8 నుంచి 10 మిల్లీమోల్స్ మించి పెంచకూడదు. చాలాకాలంగా తక్కువ సోడియంకి అలవాటుపడిన మెదడుకి ఒక్కసారిగా పెంచితే నరాల మీది మైలిన్ దెబ్బతిని, రెండుమూడు రోజుల తర్వాత మాట, మింగడం, కాళ్లుచేతులు పడిపోవచ్చు. ‘సోడియం త్వరగా నార్మల్‌కి వచ్చింది’ అంటే శుభవార్త కాదని గుర్తుంచుకోండి.

పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత మూత్రం లెక్క గంట గంటకీ రాయమనేది ఇందుకే. మొదట డయాబెటిస్ ఇన్సిపిడస్ వచ్చి, కొన్ని రోజులకి దెబ్బతిన్న నరాల కొనల్లోంచి దాచిన ఏడీహెచ్ అంతా కారి ఎస్‌ఐఏడీహెచ్‌లా మారి, మళ్లీ డయాబెటిస్ ఇన్సిపిడస్‌కి రావచ్చు. కాబట్టి నిన్నటి ఆర్డర్‌నే ఇవాళ కూడా కొనసాగించేస్తే ప్రమాదం, మూత్రం తగ్గిపోతుంటే తర్వాతి డెస్మోప్రెసిన్ (ఏడీహెచ్ పని చేసే మందు) డోస్ ఇచ్చేముందు అడగండి. గంటకి 200, 300 మి.లీ. చొప్పున వరసగా రెండు గంటలు పోతే చెప్పండి. ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారుతుంటే జలుబు అనుకోకండి, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు చీదొద్దని, వంగొద్దని చెప్పాలి. అన్నట్టు, 2022లో ఎండోక్రైన్ నిపుణుల సంఘాలు కలిసి డయాబెటిస్ ఇన్సిపిడస్ పేరుని ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ, రెసిస్టెన్స్ అని మార్చాలని ప్రతిపాదించాయి. డయాబెటిస్ అనే మాట చూసి సిబ్బంది చక్కెర చూసి ఊరుకోవడం, డెస్మోప్రెసిన్ ఇవ్వకపోవడం జరిగింది కాబట్టి. కొత్త పుస్తకాల్లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

ఇక డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్), నేను అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టమనేది దీనికే. ఇన్సులిన్ లేక చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది, కిడ్నీ దాన్ని వదిలేస్తూ నీళ్లనీ సోడియంనీ పొటాషియంనీ వెంట తీసుకుపోతుంది. అటు కొవ్వు కరిగి కీటోన్లు, ఆమ్లం, దాన్ని ఊదేయడానికి లోతైన వేగమైన ఊపిరి. వరుస ఇలా ఉంటుంది. ముందు సెలైన్, వెంటనే పొటాషియం రిపోర్ట్, ఆ తర్వాతే ఇన్సులిన్. మొదటి రిపోర్ట్‌లో పొటాషియం నార్మల్‌గానో ఎక్కువగానో కనిపించి మోసం చేస్తుంది. ఇన్సులిన్ లేక, రక్తం చిక్కబడి కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి రక్తంలో కనబడుతోంది, కానీ శరీరం మొత్తంలో నిల్వ ఖాళీ అయిపోతోంది. ఇన్సులిన్ ఇవ్వగానే అది కణాల్లోకి దూసుకెళ్తుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే పొటాషియం 3.3 కంటే తక్కువుంటే, కొత్త మార్గదర్శకాల్లో 3.5 కంటే తక్కువుంటే, ముందు పొటాషియం ఎక్కించి తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతారు. పొటాషియంని ఎప్పుడూ డ్రిప్‌లో కలిపి నెమ్మదిగానే, సిరంజితో నేరుగా తోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు, మూత్రం వస్తోందో లేదో చూసుకున్నాకే.

ఇన్సులిన్ సాధారణంగా కిలోకి గంటకి 0.1 యూనిట్. చక్కెర 250 దగ్గరికి దిగాక డెక్స్‌ట్రోస్ కలుపుతారు, ఇన్సులిన్ మాత్రం ఆపరు. స్టూడెంట్స్ ఎక్కువగా తడబడేది ఇక్కడే, చక్కెర దిగింది కదా ఇంకెందుకు అంటారు. మనం ఆపాలనుకుంటున్నది కీటోన్ల తయారీని, దానికి ఇన్సులిన్ కావాలి, ఇన్సులిన్ కొనసాగాలంటే చక్కెర పడిపోకుండా డెక్స్‌ట్రోస్ కావాలి. డ్రిప్ ఆపడానికి 1 నుంచి 2 గంటల ముందే చర్మం కింద ఇన్సులిన్ పడాలి, ఎందుకంటే సిరలోని ఇన్సులిన్ నిమిషాల్లో ఖర్చయిపోతుంది, మధ్యలో ఖాళీ వస్తే కీటోన్లు మళ్లీ మొదలు. పిల్లల్లో తలనొప్పి, మగత, నాడి నెమ్మదించడం కనిపిస్తే మెదడు వాపు అనుకోవాలి. చక్కెరని మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లలో చక్కెర 200 కూడా దాటకుండానే డీకేఏ రావచ్చు, వాంతులు, ఆయాసం ఉంటే గ్లూకోమీటర్ చూసి ధైర్యపడకుండా కీటోన్లు చూడమని గుర్తుచేయండి. చక్కెర విపరీతంగా పెరిగే ఇంకో ఎమర్జెన్సీ హెచ్‌హెచ్‌ఎస్‌లో (హైపర్‌ఆస్మోలార్ హైపర్‌గ్లైసీమిక్ స్టేట్) కొవ్వు కరగకుండా ఆపేంత ఇన్సులిన్ మిగిలి ఉంటుంది, అందుకే కీటోన్లు పెద్దగా ఉండవు, చక్కెర మాత్రం 600 దాటుతుంది, నీరు విపరీతంగా పోతుంది.

చక్కెర 70 కంటే తగ్గితే, మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిరలో డెక్స్‌ట్రోస్, సిర దొరక్కపోతే గ్లూకగాన్ 1 మి.గ్రా. కండరంలోకి ఇచ్చి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి అవుతుంది. గ్లూకగాన్ పనిచేసేది లివర్‌లో దాచిన గ్లైకోజెన్ మీద, చాలాసేపు తినని మనిషిలో, మద్యం తాగినవాళ్లలో ఆ నిల్వే ఉండదు. బీటా బ్లాకర్ వాడేవాళ్లలో వణుకు, గుండెదడ కనపడవు, చెమట మాత్రం కనిపిస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలతో తగ్గిన చక్కెర లేచినట్టే లేచి మళ్లీ పడుతుంది, ఇంటికి పంపే తొందర వద్దు. ఇంకా, ఇన్సులిన్ సీసా మీద మి.లీ.కి 40 యూనిట్లా 100 యూనిట్లా చూసి, దానికి తగిన సిరంజి తీసుకోండి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే పడేది 20 కాదు, 50 యూనిట్లు.

ఫియోక్రోమోసైటోమా త్వరగా చెప్తాను. తలనొప్పి, చెమటలు, గుండెదడ, మధ్యమధ్యలో ఎగిరే బీపీ. కొన్ని రక్తనాళాలని విప్పే బీటా రిసెప్టర్లని ముందు మూసేస్తే, బిగించే ఆల్ఫా రిసెప్టర్లకి అడ్డుండదు. అందుకే ముందు ఆల్ఫా బ్లాకర్, తర్వాతే బీటా. పొట్ట గట్టిగా నొక్కి చూడొద్దు. గడ్డ తీసేశాక బీపీ, చక్కెర రెండూ పడిపోవచ్చు, రెండూ చూడాలి.

చదవడానికి నేను చెప్పేది ఇదే. పట్టిక మూసేసి, రిపోర్ట్ నుంచి వెనక్కి నడవండి. సోడియం 122, పొటాషియం 6.1, చక్కెర 58, బీపీ 80/50, చిగుళ్లు నల్లగా. ఏ హార్మోన్ లేకపోతే సోడియం పోయి పొటాషియం నిలుస్తుంది, ఏది లేకపోతే చక్కెర పడుతుంది, నలుపు ఎక్కడి నుంచి, ముందు ఏ ఇంజెక్షన్, అని మీకు మీరే గట్టిగా చెప్పుకోండి. తర్వాత సోడియం 152, మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ 1.002, గంటకి 400 మి.లీ. ఆ తర్వాత సోడియం 118, మూత్రం చిక్కగా, కాళ్ల వాపు లేదు. వీటిలో ఏ ఒక్కదాని దగ్గర ఆగిపోయినా మీరు ఎలా ఆలోచించారో ఆ వరుస రాసి అడగండి, సరిగ్గా ఎక్కడ దారి తప్పిందో అక్కడి నుంచి చెప్తాను.